పెండ్లి ఎస్టిమేటు

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మా 1986 బ్యాచ్ వాళ్లకు నమస్కారం అక్కర్లేదు. వాళ్లు ఎట్లాగూ వెనక బెంచీలోనే కూర్చున్నారు, నాకు కనిపిస్తున్నారు.

నిర్వాహకులు నన్ను నీటిపారుదల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏండ్లు కాలువల మీద పని చేసినవాడిని కాబట్టి పోతిరెడ్డిపాడు గురించో, మల్యాల లిఫ్టు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను వేరే విషయం ఎంచుకున్నాను. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూడండి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు తీసేస్తే మిగిలేవి రెండే: ఒకటి శుభలేఖలు, రెండోది మోకాళ్ల నొప్పులకు మందులు. మోకాళ్ల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. పిల్లల పెండ్లిళ్లు మాత్రం మనమే చేయాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఈ ఐదేండ్లలో చేసినవాళ్లో, వచ్చే ఐదేండ్లలో చేయబోయేవాళ్లో. అందుకే తక్కువ ఖర్చుతో చిన్న పెండ్లి ఎట్లా చేయొచ్చు, ఎందుకు చేయాలి, చేస్తే ఏమవుతుంది అని ఒక ఇంజనీరు లెక్కన చెబుతాను.

ముందు మన చిన్నప్పటి సంగతి. మనం చదివేటప్పుడు నందికొట్కూరు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా అయింది. అప్పట్లో ఊర్లో పెండ్లంటే ఇంటి ముందు పందిరి, మీద కొబ్బరాకులు, గుంజలకు మామిడాకులు. వంటకు వీధిలో ఆడవాళ్లే వచ్చేవాళ్లు. ఒకరు కూరగాయలు తరిగితే, ఒకరు భక్ష్యాలకు పూర్ణం రుబ్బేవాళ్లు. గిన్నెలు ఒక ఇంటివి, గంగాళాలు ఒక ఇంటివి. వేసవి పెండ్లిళ్లకు మగపెండ్లివారి విడిది ఎక్కడో తెలుసు కదా? బడి వరండా. సెలవుల్లో బెంచీలు ఒక పక్కకు జరిపి, చాపలు పరిచి, నీళ్ల కాగు పెడితే అదే విడిది. జూన్‌లో బడి తెరిచినప్పుడు గోడ మీద పసుపు చేతిముద్రలు, మూలన ఎండిన తమలపాకులు కనిపించేవి. ఊరి పెండ్లిళ్లకు బడి అట్లా సాయం చేసింది.

ఇదంతా చెబుతుంటే అప్పటి పెండ్లిళ్లు అప్పులేని పెండ్లిళ్లని అనుకోవద్దు. 1984లో మా పెద్దక్క పెండ్లికి మా నాయన కె.సి. కెనాల్ కింద ఎకరన్నర మాగాణి అమ్మినాడు. మెట్టభూమి ఉంచుకుని తడిభూమి అమ్మడం ఎందుకంటే, తడిభూమికే వెంటనే కొనేవాడు దొరుకుతాడు. మన సీమలో ఆడపిల్ల పెండ్లికి మొదట పోయేది నీళ్లుండే భూమి. వాన మీద ఆధారపడిన భూమి మిగిలిపోతుంది. రెండేండ్లు వానలు లేకపోతే రెండో కూతురి పెండ్లికి అది కూడా పోతుంది. అట్లా చితికిపోయిన ఇండ్లు ఈ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. పాములపాడు పొండి, పగిడ్యాల పొండి, మిడుతూరు పొండి, కథ ఒకటే. పెద్దవాళ్లు ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నది ఊరికే అనలేదు. 1952లో ఎల్.వి. ప్రసాద్ ‘పెళ్ళి చేసి చూడు’ అని సినిమా తీస్తే, కట్నం మీద తీసిన ఆ సినిమాకు జనం నవ్వుకుంటూ వెళ్లారు. ఇంటికొచ్చి మళ్లీ కట్నాలు మాట్లాడుకున్నారు.

కె.సి. కెనాల్ పేరెత్తాను కాబట్టి ఒక్క మాట. మన ఊరి పక్కన పారే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సాగునీరే కాదు, పడవలు కూడా నడుస్తాయి, లాభాలు వస్తాయి అని లెక్క వేసుకున్నారు. ఖర్చు అంచనా దాటింది, రాబడి అనుకున్నంత రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కోవాల్సి వచ్చింది. కాలువ మంచిదే, ఇప్పటికీ మనకు అన్నం పెడుతోంది. తప్పు ఎస్టిమేటులో ఉంది. పెండ్లి కూడా అంతే. పెండ్లి మంచిదే, ఎస్టిమేటు దగ్గరే వస్తుంది చిక్కు. కంపెనీ మునిగితే ప్రభుత్వం కొనుక్కుంది. మనం మునిగితే కొనేవాడు ఎవడు?

ఇప్పటి పెండ్లి ఖర్చులో ఏది దేన్ని పెంచుతుందో చూద్దాం. మా శాఖలో కాలువ డిజైన్ చేయాలంటే మొదట అడిగేది ఆయకట్టు ఎంత అని. ఆయకట్టును బట్టి నీళ్లు, నీళ్లను బట్టి కాలువ వెడల్పు, వెడల్పును బట్టి తూములు, వంతెనలు, ఖర్చు. పెండ్లికి ఆయకట్టు అంటే వచ్చే జనం. మనం చేసే పని ఏమిటంటే, మొదట ఫంక్షన్ హాల్ చూస్తాం, తర్వాత అది నింపడానికి జనాన్ని పిలుస్తాం. కాలువ తవ్వేసి ఆయకట్టు వెతుక్కున్నట్టు. వెయ్యి మంది పట్టే హాల్ తీసుకున్నాక మూడు వందల మందే వస్తే వెలితిగా ఉంటుందని ఊరూరా పత్రికలు పంచుతాం. వెయ్యి మందికి పత్రికలు, వెయ్యి మందికి తాంబూలం సంచులు, వెయ్యి మంది చూస్తారని స్టేజీ, స్టేజీ పెద్దదని లైట్లు, లైట్లున్నాయని డ్రోను. దానికి ముందు ఓర్వకల్లు రాళ్ల మధ్య అమ్మాయిని అబ్బాయిని నిలబెట్టి ఒక రోజంతా ఫొటోలు. జనం సంఖ్య ఒక్కటి తగ్గితే మిగతావన్నీ వాటంతట అవే తగ్గుతాయి. మెనూలో రెండు స్వీట్లు కొట్టేసి మిగుల్చుకుందాం అనుకునేవాళ్లు తూము మూసి కాలువ వెడల్పు తగ్గించాలని చూసే వాళ్లలాంటివాళ్లు.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు పెండ్లికి 50 మందికి మించకూడదని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ రోజుల్లో మన ఊర్లలోనూ ఇంటి ముందు, గుడి మెట్ల మీద 50 మందితో పెండ్లిళ్లు అయ్యాయి. ఆ దంపతులు బాగానే కాపురాలు చేసుకుంటున్నారు. తాళిబొట్టు కట్టడానికి వెయ్యి మంది సాక్షులు అక్కర్లేదని అందరూ కళ్లారా చూసినారు. రోగం తగ్గిన మరుసటి మాఘానికే మళ్లీ హాళ్లు నిండిపోయాయి.

ఆడంబరం మన సంప్రదాయం అనేవాళ్లు ఉన్నారు. మన సంప్రదాయంలో ఉన్న పెండ్లిళ్లు ఒకసారి తలచుకుందాం. మంచి మొగుడు రావాలని మన ఇండ్లలో ఆడపిల్లల చేత చదివించేది రుక్మిణీ కల్యాణం. ఆ కథేమిటి? అన్న కుదిర్చిన సంబంధం ఇష్టం లేక, ఒక బ్రాహ్మణుడి చేతికి కబురిచ్చి పంపి, గుడి దగ్గర నుంచి రథమెక్కి వెళ్లిపోయిన అమ్మాయి కథ. మామూలు మాటల్లో లేచిపోవడం. శకుంతలది గాంధర్వం. సుభద్రది అర్జునుడితో ప్రయాణం. మాయాబజార్ శశిరేఖ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మన పక్కనే అహోబిలంలో నరసింహస్వామి చెంచు పిల్లను చేసుకున్నాడు, ఆ పెండ్లికి ఏ ఫంక్షన్ హాల్ బుక్ చేశాడు? ఇక పెద్ద పెండ్లి చేసుకున్న దేవుడు ఒకాయన ఉన్నాడు. తిరుమల శ్రీనివాసుడు. కుబేరుడి దగ్గర అప్పు చేసి చేసుకున్నాడు, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మన నమ్మకం. ఆయన అన్న గోవిందరాజస్వామి ఆ డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని తిరుపతిలో పడుకున్నాడట. ఆయనకు హుండీ ఉంది కాబట్టి సరిపోయింది. మనకు హుండీ లేదు.

దేవుళ్లను పక్కన పెట్టి మనుషుల సంగతికి వద్దాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు కూడా దొరక్కుండా చేస్తామన్న ఊరిలో చేసిన పెండ్లి అది. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెండ్లి తంతును అందరికీ అర్థమయ్యే తెలుగులో ‘వివాహవిధి’గా రాసి, తానే పౌరోహిత్యం చేసి పెండ్లిళ్లు జరిపించారు. గోరాగారు తన కూతురికి కులాంతర వివాహం చేయాలనుకుంటే, సేవాగ్రామంలో తాను దగ్గరుండి చేయిస్తానని గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో ఆ పెండ్లి సేవాగ్రామం ఆశ్రమంలోనే నిరాడంబరంగా జరిగింది. ఈ మూడు పెండ్లిళ్ల గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఎంతమంది తిన్నారని ఎవరూ అడగరు.

ఇక మా ఇంటి సంగతి. 2023 మాఘంలో మా అమ్మాయి పెండ్లి చేసినాం. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చి, నాన్నా, నూట ఇరవై మందికి మించొద్దు, నందికొట్కూరులో మన పాత ఇంటి ముందే చేయండి అన్నారు. నా భార్య వెంటనే ఒప్పుకుంది. నేను కాగితం తీసి ఎస్టిమేటు వేసినాను. 2,70,000 వచ్చింది. పోలిక కోసం ఫంక్షన్ హాల్‌లో వెయ్యి మందికి చేస్తే ఎంతో కూడా వేసినాను. పళ్లెం 350 రూపాయల చొప్పున భోజనాలే మూడున్నర లక్షలు. హాలు, అలంకరణ, ఫొటోలు, వీడియో, బట్టలు, పెట్టిపోతలు కలిపితే 13 లక్షలకు తక్కువ కాలేదు. అందులో పది లక్షలు అప్పు తెస్తే మన ఊర్లో నడిచే నూటికి రెండు రూపాయల వడ్డీకి నెలకు 20,000. యాభై నెలలు కడితే వడ్డీయే అసలంత అవుతుంది, అసలు అట్లాగే ఉంటుంది. అంటే పెండ్లయిన నాలుగేండ్లకు, మనవడు బడిలో చేరే వేళకు, మొదటి రోజు ఎక్కడున్నామో అక్కడే ఉంటాం.

అసలు లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. పందిరి, కుర్చీలు, లైట్లు 28,000. ముందురోజు రాత్రి నలభై మందికి, పెండ్లిరోజు పొద్దున ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం భోజనం, సరుకులూ వంటవాళ్ల కూలీ కలిపి 62,000. పురోహితుడు, మేళం 22,000. పూలు 9,000. అందరి బట్టలు 64,000. బంగారానికి 58,000. అది కూడా అంత తక్కువ ఎందుకంటే మా అమ్మ పాత గొలుసు కరిగించి తాళిబొట్లు, నల్లపూసలు చేయించినాం. ఫొటోలకు 18,000. కార్లకు, బస్సుకు 14,000. మిగతా చిల్లర ఖర్చులు 10,000. మొత్తం 2,85,000. ఎస్టిమేటు మీద పదిహేను వేలు, అంటే ఐదున్నర శాతం ఎక్సెస్. మా శాఖలో ఇంత తక్కువ ఎక్సెస్‌తో ఏ పనీ పూర్తికాలేదు. ఇక్కడ కూర్చున్న కాంట్రాక్టరు మిత్రులు నవ్వొద్దు. ఖర్చు రెండిళ్లవాళ్లం సగం సగం పెట్టుకున్నాం. కట్నం మాట లేదు. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకున్నవాడిదే కాదు, ఇచ్చినవాడిదీ నేరమే. శిక్ష కనీసం 5 ఏండ్ల జైలు. ఆ చట్టం అంత గట్టిదని మనలో ఎంతమందికి తెలుసు?

డబ్బు లెక్క సులువుగానే తేలింది. తేలనిది మా అన్నతో. మా అన్న వ్యవసాయం చేస్తాడు, ఊర్లోనే ఉంటాడు. విషయం చెప్పగానే లోపలికి పోయి మా నాయన రాసి పెట్టిన పొడుగు నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టినాడు. చదివింపుల పుస్తకం. మా అక్కల పెండ్లిళ్లకు ఎవరు ఎంత చదివించారో, వాళ్ల ఇండ్లలో శుభకార్యాలకు మనం ఎంత చదివించామో అందులో ఉంది. 51, 116, 516. కొన్నిచోట్ల డబ్బు బదులు రెండు శేర్ల బియ్యం, ఒక కుంచం కందులు.

“ఊరందరి పెండ్లిళ్లకు పోయి తిన్యాం. మన ఇంట్లో పెండ్లికి తలుపులేసుకుంటామా?” అన్నాడు.

“అన్నా, మనం ఇచ్చింది మనకు తిరిగి రాకపోయినా పర్వాలేదు” అన్నాను.

“నీకు రాకపోతే పోనీరా. వాళ్ల మనసులో బాకీ నిలిచిపోతుంది కదా. నువ్వు కర్నూల్లో ఉంటావు. రేపు పొద్దున కాలువ గట్టు మీద వాళ్లకు ఎదురుపడేది నేను” అన్నాడు.

ఇది చిన్న మాట కాదు. మనలాంటి చదువుకున్నవాళ్లు చదివింపులను మూఢాచారం అనేస్తాం. బ్యాంకులు లేని కాలంలో అది ఊరు నడిపిన చీటీ. ఒక ఇంట్లో పెండ్లి వస్తే నూరిళ్లు తలా కొంచెం పెట్టి ఆ ఖర్చు మోసేవి, తర్వాత ఆ ఇల్లు నూరిళ్లకూ తీర్చేది. వడ్డీ లేదు, ప్రోనోటు లేదు, మైకులో పేరు చదవడమే రసీదు. చిన్న పెండ్లి చేస్తామంటే మనం ఆ చీటీలోంచి లేచి వస్తున్నట్టు. చిన్న పెండ్లి మీద వ్యాసాలు రాసేవాళ్లు ఎవరూ ఈ సంగతి చెప్పరు. ఊర్లో ఉండేవాళ్లకు ఇదే అసలు అడ్డంకి.

దారి మా అన్నే చెప్పినాడు. అహోబిలంలో ఏటా కనుమ నాడు మొదలయ్యే పార్వేట ఉత్సవం మీకు తెలుసు. నరసింహస్వామి పల్లకి దిగువ అహోబిలం నుంచి బయల్దేరి, నెలకు పైగా ఊరూరా తిరుగుతుంది. తన పెండ్లికి రమ్మని చెంచులను, ఊర్ల జనాన్ని దేవుడే స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. “దేవుడే ఇండ్లకు పోతాడు, మనకేం?” అన్నాడు అన్న. పెండ్లి నూట ఇరవై మందితో చేసినాం. తర్వాత వరసగా తొమ్మిది ఆదివారాలు కొత్త దంపతులను వెంటబెట్టుకుని, పుస్తకంలో ఉన్న ఇండ్లకు మా అన్న, వదిన, మేమిద్దరం పోయినాం. ఆదివారానికి ఇరవై ఇండ్లు చొప్పున దారి అంతా అన్నే వేసినాడు. ప్రతి ఇంట్లో పది నిమిషాలు. టీ తాగినాం, ఒడిబియ్యం పోస్తామన్నవాళ్ల దగ్గర పోయించుకున్నాం, ముసలివాళ్ల కాళ్లకు మొక్కినారు పిల్లలు. కొందరు పుస్తకంలో ఉన్నంత డబ్బు తాంబూలంలో పెట్టి ఇచ్చినారు. బాకీ తీరింది అన్నా అని నవ్వినవాళ్లు ఉన్నారు. వెయ్యి మంది భోజనంలో మనం ఎవరితోనూ పది నిమిషాలు మాట్లాడం. స్టేజీ ఎక్కి, ఫొటో దిగి, అన్నం తిని పోతారు.

అందరూ మెచ్చుకున్నారని చెబితే అబద్ధం అవుతుంది. ఒక చిన్నాయన ఇప్పటికీ మా గడప తొక్కలేదు. పిలిచిన నూట ఇరవైలో తన పేరు లేదని ఆయన బాధ. రెండుసార్లు పోయి వచ్చినాం, మళ్లీ పోతాం. చిన్న పెండ్లిలో మిగిలేది డబ్బు. పట్టేది సమయం, ఓపిక. ఆ లెక్క కూడా ఎస్టిమేటులో వేసుకోండి.

ఇప్పుడు అయ్యవార్లతో ఒక మాట. ఖర్చు తగ్గించుకోవడం ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు. తొమ్మిదో తరగతిలో మా పక్క వరుస బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకరు వేసవి సెలవుల తర్వాత బడికి రాలేదు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. అక్కకు పెండ్లి చేస్తూ, ఎట్లాగూ పందిరి వేసినాం, వంట చేయిస్తున్నాం, ఖర్చు కలిసొస్తుందని అదే పందిట్లో ఆ పిల్లకూ తాళి కట్టించినారు. 1978 సవరణతోనే ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలని చట్టం వచ్చింది. అయినా ఒకే పందిట్లో రెండు పెండ్లిళ్లు అన్నది మన కరువు ప్రాంతంలో పొదుపు లెక్క. ఆ పొదుపు ఒక పిల్ల చదువును మింగింది. ఆమె పెద్దయ్యాక తన ఇద్దరు కూతుళ్లనూ డిగ్రీ దాకా చదివించింది. ఆ ఘనత ఆమెది.

2006లో వచ్చిన బాల్య వివాహాల నిషేధ చట్టం ఇప్పుడు ఇంకా గట్టిది. చేయించిన పెద్దలతో పాటు పెండ్లి జరిపించినవాళ్లు కూడా నేరస్తులే. 1098కి ఫోన్ చేస్తే అధికారులు వచ్చి ఆపుతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలను, మీ అక్కకు పెండ్లి కుదిరిందా అని అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలా తెలుస్తుంది. 2022 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ పెండ్లి సాయానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని నిబంధన పెట్టారు. పథకాల పేర్లు మారుతుంటాయి, ఆ నిబంధన వెనక ఉన్న ఆలోచన మాత్రం మంచిది. పెండ్లి పందిరికి దారి బడిలోంచి పోవాలి.

ఇక మన పిల్లల తరం వైపు ఒక మాట. ఇంట్లో ఒప్పుకోక, ఇద్దరే వెళ్లి చేసుకోవాలనుకునేవాళ్లు ఉంటారు. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రవాడు, అతని భార్య అట్లా చేసుకున్నారు. కులాలు వేరు. నేను వాళ్లకు సాక్షి సంతకం పెట్టినాను. వాళ్లు మాలలు మార్చుకుని ఫొటో దిగి, పని అయిపోయిందని అనుకోలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నారు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. అది 30 రోజులు ఆఫీసులో అంటిస్తారు. సరైన అభ్యంతరం లేకపోతే, నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపల, ముగ్గురు సాక్షుల ముందు పెండ్లి చేసుకోవచ్చు. ఏ కులమైనా, ఏ మతమైనా ఇబ్బంది లేదు. ఖర్చు లేదనే చెప్పాలి. ఆ 30 రోజులే కష్టం. నోటీసు బోర్డు మీద పేర్లు చూసి ఇంటికి కబురు మోసేవాళ్లు ఉంటారు.

ఆ కష్టం ఎంతవరకు పోతుందో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో చూసినాం. కులం వేరని, గర్భిణి అయిన కూతురి కళ్ల ముందే, ఆసుపత్రి బయట అల్లుడిని చంపించినారు. అదే ఏడాది సుప్రీంకోర్టు ఒకటికి రెండు తీర్పుల్లో చెప్పింది: మేజర్లయిన ఇద్దరు పెండ్లి చేసుకోవడానికి ఇంటివాళ్ల అనుమతిగానీ, కులపెద్దల అనుమతిగానీ అక్కర్లేదని. మన ఇంట్లో పిల్ల భయపడి వెళ్లిపోవాల్సి వచ్చిందంటే, అంతకు ముందు మన గడప లోపల ఆ మాట చెప్పుకునే చోటు లేదని అర్థం. చిన్న పెండ్లిళ్లలో అన్నిటికన్నా చిన్నది ఇద్దరే చేసుకునే పెండ్లి. అది వాళ్ల ఇష్టంతో చిన్నదైతే శుభం. మన కోపంతో చిన్నదైతే ఆ పాపం మనది.

హిందూ పద్ధతిలో చేసుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. హిందూ వివాహ చట్టం కింద ఆచారం ప్రకారం తంతు జరగకుండా, సర్టిఫికెట్టు మాత్రం తెచ్చుకుంటే అది పెండ్లి కాదు. అదే తీర్పులో, పెండ్లంటే పాటలు, డ్యాన్సులు, విందులు కాదని కూడా అన్నది. కాబట్టి తంతు చేయండి, చిన్నగా చేయండి, రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించండి. మన రాష్ట్రంలో పెండ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. పాస్‌పోర్టుకు, వీసాకు పిల్లలు పరుగెత్తే రోజున ఆ కాగితం విలువ తెలుస్తుంది. మేము పత్రికలు పాతికే కొట్టించినాం. ఒకటి దేవుడి ముందు పెట్టడానికి, ఒకటి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు, మిగతావి ఇంట్లో పెద్దవాళ్లకు. మిగిలినవాళ్లకు ఫోన్ చేసినాం.

ఇంటి ముందు స్థలం లేనివాళ్లకు గుళ్లు ఉన్నాయి. మహానంది, యాగంటి, అహోబిలం, శ్రీశైలం అన్నీ మనకు దగ్గరే. తిరుమలలో పాపవినాశనం దారిలో ఉన్న కల్యాణ వేదికలో తి.తి.దే. 2016 నుంచి పెండ్లిళ్లు ఉచితంగా చేయిస్తోంది. పురోహితుడు, మేళం, పసుపు కుంకుమలు, కంకణాలు వాళ్లే ఇస్తారు. అప్పు చేసి పెండ్లి చేసుకున్న స్వామి దగ్గర మనం అప్పు లేకుండా చేసుకోవచ్చు. ఎండాకాలం పెండ్లయితే ఒంటిమిట్ట రాములవారిని తలచుకోండి. అక్కడ కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. మన సీమ ఎండకు అంతకన్నా తెలివైన ముహూర్తం లేదు. ఏసీ హాలు ఖర్చు మిగులుతుంది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. మన దగ్గర నిధి ఉంది. మెమెంటోలు, శాలువాలు కొంచెం తగ్గించుకుందాం. రెండు వందల మందికి సరిపడా వంటపాత్రలు, రెండు వందల స్టీలు పళ్లెంలు, గ్లాసులు, వంద కుర్చీలు, ఒక షామియానా కొందాం. మన బడిలో చదివినవాళ్లు, చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరు ఇంటి దగ్గర పెండ్లి చేసుకుంటామన్నా ఉచితంగా ఇద్దాం. షరతులు రెండే. వధువుకు 18, వరుడికి 21 నిండినట్టు బడి రికార్డులో చూపించాలి. పాత్రలు కడిగి తిరిగి ఇవ్వాలి. రెండో షరతు అమలు చేయడమే కష్టమని నాకు తెలుసు. మొదటి విడతగా నా వంతు 50,000 రూపాయలు ఇప్పుడే కార్యదర్శిగారికి ఇస్తున్నాను. పాత్రల లెక్క రాసే బాధ్యత ఎవరైనా ఊర్లో ఉండేవాళ్లు తీసుకోవాలి. మా అన్న ఒప్పుకున్నాడు. ఆయనకు పుస్తకం రాయడం అలవాటే.

ఒకప్పుడు ఈ బడి వరండా మన ఊరి పెండ్లిళ్లకు విడిది అయింది. ఇప్పుడు బడిలో చదివినవాళ్లం ఆ పని చేద్దాం. వచ్చే మాఘంలోపు షామియానా కొంటే, మొదటి పెండ్లికి నేను వచ్చి వడ్డిస్తాను.